మగ్గం మీద చీర ఎవరిది? పోచంపల్లిలో కళా పర్యాటకం, నేతకారుల లెక్కలు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద రామోజీ ఫిల్మ్ సిటీ దాటి కొంత ముందుకు పోయి ఎడమకు తిరిగితే భూదాన్ పోచంపల్లి వస్తుంది. నగరానికి దాదాపు 50 కిలోమీటర్లు. పొద్దున టిఫిన్లు చేసి కారెక్కిన కుటుంబం వినోబా మందిరం చూసి, ఒకటి రెండు ఇళ్లలో మగ్గాల దగ్గర ఫొటోలు దిగి, ఏదో ఒక దుకాణంలో చీరలు బేరమాడి, చీకటి పడకముందే ఇల్లు చేరుకోవచ్చు. ఇలాంటి రాకపోకలకు ఇప్పుడు కళా పర్యాటకం అన్న పేరు స్థిరపడుతోంది. ఊరికి పేరొచ్చింది, జనం వస్తున్నారు, కాబట్టి కళాకారులకు మేలే కదా అన్నది బయటివారి లెక్క. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవారి లెక్క అంత సూటిగా తేలదు. ఎందుకు తేలదో అర్థం కావాలంటే చీర ఎలా తయారవుతుందో, డబ్బు ఏ దారిన నడుస్తుందో రెండూ కలిపి చూడాలి.

ఊరికి పేరు ఒక్క రోజులో రాలేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు నలభై దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాల భూమి కావాలని అడగడం, ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడటం, ఆ మాటతో భూదానోద్యమం మొదలై దేశమంతా పాకడం తెలిసిన చరిత్రే. ఊరి పేరు ముందు ‘భూదాన్’ అలా చేరింది. నేతకు గుర్తింపు తర్వాత వచ్చింది. దారానికే ముందు రంగుల బొమ్మ ఎక్కించి నేసే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. 2010లో దేశంలోని పేరుమోసిన చీరల నేత కేంద్రాలతో కలిపి దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఆ ఏడాదే మొదలుపెట్టిన ఉత్తమ పర్యాటక గ్రామాల ఎంపికకు మన దేశం మూడు ఊళ్లను పంపితే, మేఘాలయలోని కాంగ్‌థాంగ్, మధ్యప్రదేశ్‌లోని లాధ్‌పురా ఖాస్ వెనకబడి పోచంపల్లి ఒక్కటే నెగ్గింది. అప్పటికే మునిసిపాలిటీగా మారిన ఊరికి ఉత్తమ గ్రామం బిరుదు రావడం కాస్త తమాషాయే గానీ, దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2025 మే నెలలో హైదరాబాద్‌లో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు పోటీదారుల బృందమొకటి ఇక్కడికి వచ్చి మగ్గాలను చూసి వెళ్లింది.

ఇన్ని జరిగాక స్థానిక కళాకారులు ఏమనుకుంటున్నారు అని అడగడం సహజం. కానీ ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. ‘స్థానిక కళాకారుడు’ అనగానే కుంచె పట్టిన చిత్రకారుడిలా ఒక మనిషి కళ్ల ముందు మెదులుతాడు: ఊహ అతనిదే, చేయి అతనిదే, సరుకు అతనిదే, అమ్మేదీ అతనే. పోచంపల్లి చీర అలా పుట్టదు. డిజైను గీసేవారు ఒకరు, రంగు అంటకుండా దారానికి చిటికి కట్టేవారు ఇంకొకరు, రంగు అద్దేవారు మరొకరు, దారాన్ని మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసేవారు, దారాన్ని కండెలకు చుట్టేవారు, కొత్త నిలువు పోగులను మగ్గం మీది పాత పోగులకు కలిపి అచ్చు అతికేవారు, చివరికి నేసేవారు. చాలా ఇళ్లలో ఈ పనుల్లో రెండు మూడు ఒకే కుటుంబం చేస్తుంది, కొన్ని బయటికి పోతాయి. వీటన్నింటికీ ముందు పట్టు, రంగులు కొనడానికి పెట్టుబడి పెట్టేవారు ఉంటారు. వారే మాస్టర్ వీవర్లు. పర్యాటకం మీద అభిప్రాయం ఈ వరుసలో మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడన్నదాన్ని బట్టి మారుతుంది. ‘కళాకారుల అభిప్రాయం’ అని ఒకే మూట కట్టి చెప్పే నివేదికలు నాకు నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం ఇదే.

ముందు పని సంగతి. ఇక్కత్‌ను ఇక్కడివారు చిటికి అంటారు. మామూలు చీరలో బట్ట నేసేటప్పుడో నేశాకో బొమ్మ పడుతుంది. చిటికిలో నేయకముందే దారం మీద బొమ్మ పడుతుంది. గీసుకున్న డిజైను గళ్ల లెక్క ప్రకారం దారపు పోగులను కట్టలుగా లాగి, రంగు అంటకూడని చోట్ల సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, రెండో రంగు కోసం వేరే చోట్ల మళ్లీ కడతారు. ఎన్ని రంగులైతే అన్నిసార్లు. పడుగులో, అంటే నిలువు పోగుల్లో మాత్రమే కడితే ఒక రకం, పేకలో, అంటే అడ్డు పోగుల్లో మాత్రమే కడితే మరో రకం. రెండింటిలోనూ కట్టిన చీరలో నేసేటప్పుడు ప్రతి పేకపోగూ పడుగు మీది తన గుర్తుతో కలవాలి. ఒక్క వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు చెదురుతుంది కనుక నేతకారు అడ్డుపోగును నడిపే నాడె విసిరిన ప్రతిసారీ పోగును వేలితో సర్దుకుంటూ పోతారు. ఇంత సర్దినా అంచులు కొద్దిగా చెమర్చినట్టే ఉంటాయి. ఆ చెమ్మే ఇక్కత్‌కు సంతకం.

ఇప్పుడు ఆ గదిలోకి పర్యాటకులు వచ్చారనుకుందాం. గుంట మగ్గం ఉన్న గది సాధారణంగా ఇంటి ముందరి గదే. అక్కడే పిల్లల పుస్తకాల సంచులు, అక్కడే మంచం, గోడకు దేవుడి పటాలు. వచ్చినవారు మగ్గం మీది నెమలిపింఛం రంగు చీరను చూసి ముచ్చటపడి, ఇది ఎంతకిస్తారు అని అడుగుతారు. నేతకారు నవ్వి ఊరుకుంటారు, లేదా దుకాణం వైపు చూపిస్తారు. బిడియమో అమ్మకపు తెలివి లేకపోవడమో అని వచ్చినవారు అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆ చీర నేస్తున్నవారిది కాదు. పట్టు మాస్టర్ వీవర్ ఇచ్చింది, రంగు ఖర్చు ఆయనది, డిజైను ఆయన చెప్పింది. నేసిన చీరలు తిరిగి ఆయనకే చేరతాయి, బదులుగా నేతకారుకు మజూరీ, అంటే నేత కూలి అందుతుంది. ఆ మజూరీ పడుగు మగ్గం ఎక్కినప్పుడే మాట్లాడుకున్నది. తర్వాత ఆ చీరను దుకాణంలో ఎంతకు అమ్మినా, కొన్నది హైదరాబాద్ పెళ్లివారైనా విదేశీ అతిథైనా, ఆ మజూరీ మారదు.

పర్యాటకం గురించిన చర్చ మొత్తంలో ఇది మూలమైన ముడి. సందర్శకుడు కళను చూసేది ఒక ఇంట్లో, డబ్బు చెల్లించేది మరో ఇంట్లో. మజూరీ నేతకారు దృష్టిలో జనం రావడం వల్ల కలిగే లాభం ఒకే దారిన రావాలి: దుకాణంలో అమ్మకాలు పెరిగితే మాస్టర్ వీవర్ ఎక్కువ పడుగులు వేయిస్తాడు, పడుగుకూ పడుగుకూ మధ్య ఖాళీ రోజులు తగ్గుతాయి. అదేమీ చిన్న లాభం కాదు, పని ఖాళీ లేకుండా దొరకడం నేత ఇంటికి పెద్ద నిబ్బరం. కానీ అది మెల్లగా, చుట్టుతిరిగి వస్తుంది. నష్టం మాత్రం అక్కడికక్కడే కనిపిస్తుంది. వచ్చినవారికి ఓ అరగంట ఆసు అంటే ఏమిటో, పడుగు అంటే ఏమిటో వివరిస్తే ఆ అరగంట నేత ఆగిపోతుంది. నెల జీతం మనిషికి అరగంట పోతే పోయిందేమీ లేదు, ముక్కకు ఇంత అని కూలి తీసుకునే మనిషికి ఆ అరగంట సొంత జేబులోంచి పోతుంది.

ఇంకో తేడా కూడా గమనించాలి. పోచంపల్లికి పర్యాటకులు కొత్త గానీ కొనుగోలుదారులు కొత్త కాదు. పెళ్లి పట్టు కోసం, పండగ చీరల కోసం నగరం నుంచి నేరుగా ఇక్కడికి వచ్చే అలవాటు ఐక్యరాజ్యసమితి గుర్తింపు రాకముందు నుంచీ ఉంది. వారు దుకాణంలో దిగి, చీరలు పరిపించుకుని, కొనుక్కుని వెళ్లిపోతారు. మగ్గం చూడాలన్న కోరిక వారికి ఉండదు. పర్యాటకుల తీరు దీనికి తలకిందులు. మగ్గాన్ని తనివితీరా చూస్తారు, వీడియో తీస్తారు, కొనేటప్పుడు ఒక దుపట్టానో రుమాలో తీసుకుని సరిపెట్టుకుంటారు. దుకాణదారుకు మొదటి రకం మనిషి ముఖ్యం. ఊరికి పేరు తెచ్చేది రెండో రకం. నేతకారుకు మొదటివారు కనిపించరు, రెండోవారితో లావాదేవీ ఉండదు.

దీన్ని బట్టి మాస్టర్ వీవర్‌ను ప్రతినాయకుడిని చేయడం తేలిక, కానీ అన్యాయం. వారిలో చాలామంది నేత కుటుంబాల నుంచి వచ్చినవారే. పట్టు ధర పెరిగినా తగ్గినా ఆ దెబ్బ ముందు వారికే తగులుతుంది, అమ్ముడుపోని చీరలు వారి బీరువాల్లోనే మూలుగుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు నేసిన సరుకు నేసినట్టే పేరుకుపోయింది. కొత్త పడుగులు ఇవ్వడానికి పెట్టుబడి లేక వారు చేతులెత్తేస్తే, ఇళ్లలో మగ్గాలు పడకేశాయి. మార్కెట్టు అనే గాలి ఆగితే ముందుగా ఎవరు ఉక్కిరిబిక్కిరి అవుతారో ఊరికి అప్పుడు తెలిసింది. పర్యాటకం అంటే వీరికి ఉత్సాహం ఎక్కువ, అందులో ఆశ్చర్యం లేదు. మనిషి ఊళ్లోకి వస్తే నగరంలోని పెద్ద షోరూముకు ఇవ్వాల్సిన వాటా మిగులుతుంది, పైగా నగదు చేతికి వస్తుంది. వీరు కోరేది మంచి రోడ్లు, పార్కింగు, శుభ్రమైన మరుగుదొడ్లు, ఊరి మొదట్లో దారి చూపే బోర్డులు. మజూరీ నేతకారు కోరేది వేరు: వానాకాలంలో గుంటలోకి నీరు ఊరకుండా గచ్చు చేసిన మగ్గం గది. అతిథుల కోసం వేసిన రోడ్డు అందరికీ పనికొస్తుంది, నిజమే. అయితే అది మగ్గం గుంటలో నీటిని ఆపదు.

ఆడవారి మాట ఈ చర్చలో ఇంకా వెనక్కి పోతుంది. మగ్గం దగ్గర తీసిన ఫొటోల్లో కనిపించేది ఎక్కువగా నేస్తున్న మగవాడు. ఆ చీర వెనక గంటల కొద్దీ సాగిన పనిలో పెద్ద భాగం ఇంటి ఆడవారిది. ముఖ్యంగా ఆసు. అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ పేక దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోయడమే ఆసు పోయడం. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అలా ఊగాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే ఇల్లాలికి సాయంత్రానికి భుజం లేవదు. తల్లి పడే ఈ బాధ చూడలేక యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పర్యాటకులకు ఈ కథ చాలా ఇష్టం, గైడ్లకు అంతకంటే ఇష్టం. కానీ యంత్రం ఉన్న ఇల్లు చూపించాలా, మేకుల మీద చేత్తో పోస్తున్న పెద్దావిడను చూపించాలా అన్న దగ్గర ఒక ఇబ్బంది మొదలవుతుంది. కెమెరాకు చేతిపనే అందం. ఆ భుజానికి యంత్రమే సుఖం. ‘సంప్రదాయం చెక్కుచెదరకుండా ఉండాలి’ అని నగరం నుంచి వచ్చినవారు అన్నప్పుడు, ఎవరి చేతులు అరిగితే అది చెక్కుచెదరకుండా ఉంటుందో కూడా అనుకోవాల్సి వస్తుంది. పైగా ఆసుకూ కండెలకూ విడిగా కూలి లెక్క కట్టే ఇళ్లు తక్కువ. చాలాచోట్ల అది చీర మజూరీలోనే కలిసిపోతుంది. పర్యాటకం తెచ్చే గౌరవమైనా వీరికి విడిగా అందుతుందా అంటే, మగ్గం గది దాటి లోపలి వరండా దాకా వెళ్లి చూసే అతిథి ఎంతమంది?

సెల్‌ఫోను కెమెరా గురించి డిజైను చేసేవారికి ఉన్న భయం మరో రకం. కొత్త డిజైను మగ్గం మీద ఉండగానే ఫొటో బయటికి పోతే, అదే బొమ్మ మిల్లు బట్ట మీద అచ్చుపడి చీర పూర్తయ్యేలోపే బజారులోకి రావచ్చు. భౌగోళిక గుర్తింపు దీన్ని ఆపదా అని చదువుకున్నవారు అడుగుతారు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తింపు కాపాడేది పేరును, ఆ పేరుకు తగిన చోటునూ పద్ధతినీ. వేరే చోట అచ్చు వేసిన బట్టను ‘పోచంపల్లి ఇక్కత్’ అని అమ్మితే అది తప్పు. అదే బొమ్మను అచ్చు వేసి పేరు చెప్పకుండా, ‘ఇక్కత్ ప్రింట్’ అని మాత్రమే అమ్మితే ఈ గుర్తింపుతో పట్టుకోవడం కష్టం. ఒక్కో కొత్త డిజైనుకు రక్షణ కావాలంటే డిజైన్ల చట్టం కింద విడిగా నమోదు చేయించుకోవాలి. నెలకో డిజైను మార్చే మనిషికి ఆ ఫీజులు, కాగితాలు గిట్టుబాటు కావు. అందుకే కొందరు కొత్త పని మీద పాత గుడ్డ కప్పి, అతిథులకు పాత డిజైను మగ్గమే చూపిస్తే ఎవరూ తప్పుపట్టలేరు. బోర్డు మీద ‘ఫొటోలు తీయరాదు’ అని రాస్తే ఊరు మొహం చిట్లించుకున్నట్టు ఉంటుంది, రాయకపోతే డిజైను పోతుంది. కొనేవారు మాత్రం ఒక చిన్న పరీక్ష నేర్చుకోవచ్చు. బట్ట తిరగేసి చూస్తే అచ్చు వేసినదానికి వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. చిటికి కట్టి నేసినదానికి రెండు వైపులా రంగు దాదాపు ఒకటే, ఎందుకంటే రంగు దారంలోనే ఉంది.

పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఒకటైన పుట్టపాక దగ్గరికి వస్తే స్వరం మారుతుంది. తేలియా రుమాలుకు పుట్టపాక పెట్టింది పేరు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో పడుగూ పేకా రెండూ కట్టి నేసే ఈ బట్టకు 2020లో విడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. పద్మశ్రీలు అందుకున్న గజం గోవర్ధన, గజం అంజయ్య ఈ ఊరివారే. ఇక్కడికి బస్సుల్లో గుంపులు దిగవు, వచ్చేవారు ఎక్కువగా ఆ బట్ట సంగతి ఎరిగినవారు, మ్యూజియంలకూ సొంత సేకరణలకూ కొనేవారు, నేర్చుకోవడానికి వచ్చే డిజైను విద్యార్థులు. ఇలాంటి చోట పేరున్న నేతకారు వేయిమంది చూసిపోవడం కన్నా పదిమంది తెలిసి కొనడం మేలు అనుకుంటే అది గర్వం కాదు. తేలియా రుమాలు లాంటి పని ఒత్తిడితో పెరగదు. గిరాకీ పెరిగిందని నానబెట్టే రోజులు తగ్గిస్తే ఆ బట్ట తేలియా కాకుండా పోతుంది. పర్యాటక ప్రణాళికలు వేసేవారు సందర్శకుల సంఖ్యను విజయానికి కొలతగా పెట్టుకున్నంతకాలం ఈ రకం కళాకారుడికి ఆ ప్రణాళికలో చోటు దొరకదు.

కళాకారుడి చేతిలోనే సరుకు ఉన్నచోట పర్యాటకం ఎలా పనిచేస్తుందో చూడటానికి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల మనకు దగ్గర్లో ఉన్న ఉదాహరణ. నకాషీ చిత్రకారుల కుటుంబాలు గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసే ఇక్కడి పటాలు ఒకప్పుడు అమ్మకానికి పెట్టే వస్తువులు కావు. కులపురాణాలు చెప్పే కథకులు వేయించుకునేవి. పద్మశాలీలకు మార్కండేయుడి వంశకథ, భావనారుషి కథ చెప్పే కూనపులివారు ఆ పటాన్ని పట్టుకుని నేతవారి ఊళ్లు తిరిగేవారు. అంటే పోచంపల్లిలో మగ్గం నేసే కులానికి తమ పుట్టుక కథ చేర్యాల పటం మీద బొమ్మగా తెలుసు. పదుల అడుగుల పొడవున్న ఆ పటం ఒక్కో గడి విప్పుతూ రాత్రంతా పాడితే కథ పూర్తయ్యేది. సినిమా, టీవీ వచ్చి కథకులకు ఆదరణ తగ్గాక పటం వేయించుకునేవారు లేకుండా పోయారు. ఆ ఖాళీలోకి నగరపు ఇళ్ల గోడలు, ఎంపోరియాలు, మేళాలు, ఇటీవల పర్యాటకులు వచ్చారు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూత పట్టించి ఎర్రటి నేల మీద బొమ్మ దిద్దే పద్ధతి నిలిచింది. పొడవు మాత్రం చేతి సంచిలో పట్టేంతకు కుదించుకుపోయింది. పటం స్థానంలో ఒక్క గడి బొమ్మ ఫ్రేము కట్టించుకుంది, కొబ్బరిచిప్పల మీదా చెక్కపొట్టు ముద్దతోనూ చేసే ముఖాలు, తాళంచెవి గుత్తులు వచ్చాయి.

చేర్యాల చిత్రకారుడి దృష్టి నుంచి ఇది నష్టం అని ఒక్క మాటలో తేల్చడానికి లేదు. వస్తువు అతనిదే, ధర అతనే చెబుతాడు, అతిథి చెల్లించిన సొమ్ము అతని చేతిలోనే పడుతుంది. మజూరీ నేతకారుకు లేని స్వేచ్ఛ ఇది. కానీ ఈ కొత్త ఏర్పాటులో కథకుడికి చోటు లేదు. బొమ్మ అమ్ముడవుతోంది, బొమ్మ ఎవరిదో చెప్పే గొంతుకు గిరాకీ లేదు. కళా పర్యాటకం నుంచి కళను కాపాడాలా, కళా పర్యాటకంతో కళను కాపాడాలా అని వేదికల మీద మాట్లాడేవారు, ఏ కళను అన్న ప్రశ్నను సాధారణంగా దాటేస్తారు. పటం వేయడం, పటం చెప్పడం రెండూ కలిసి ఒకే కళగా ఉండేవి. మార్కెట్టు ఒక సగాన్ని ఏరుకుంది.

ఒడిశాలో పూరీకి దగ్గరగా ఉన్న రఘురాజ్‌పూర్ ఈ దారిలో మనకంటే ముందు నడిచిన ఊరు. వారసత్వ సంపద పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ 2000లో దాన్ని వారసత్వ గ్రామంగా తీర్చిదిద్దింది. రెండు వరుసల ఇళ్లు, గోడల నిండా చిత్రాలు, దాదాపు ప్రతి ఇంట్లోనూ గుడ్డ మీద పట్టచిత్రం వేసేవారు. పూరీ జగన్నాథుడి దర్శనానికి వచ్చిన జనంలో కొంతభాగం ఇటు తిరుగుతుంది. అక్కడ ఇల్లే దుకాణం, చిత్రకారుడే అమ్మకందారు. ఆ ఊరి బలం అది. మనం గమనించాల్సిన కష్టమూ అందులోనే ఉంది. ప్రతి గుమ్మం ముందూ ఎవరో ఒకరు అతిథిని లోపలికి పిలవాల్సి వస్తుంది, పక్కింటివాడితో పోటీ పడాల్సి వస్తుంది, బొమ్మ వేయాల్సిన గంటలు బేరాల్లో పోతాయి. 2019 మేలో ఫణి తుపాను ఆ ప్రాంతాన్ని తాకినప్పుడు ఇళ్లతోపాటు ఇళ్లలో దాచిన చిత్రాలూ పాడయ్యాయి, కొన్నాళ్లపాటు వచ్చేవారూ లేకుండా పోయారు. ఇల్లూ కార్ఖానా దుకాణమూ ఒకటే అయినచోట దెబ్బ మూడింటికీ ఒకేసారి తగులుతుంది.

మళ్లీ పోచంపల్లికి వస్తే, నగరానికి 50 కిలోమీటర్ల దూరం కూడా ఒక చిక్కే. దగ్గర కాబట్టి జనం వస్తారు, దగ్గర కాబట్టే ఉండరు. రాత్రి బస లేని పర్యాటకంలో ఊరికి మిగిలేది కొనుగోలు సొమ్ము, కాసిన్ని చాయ్ డబ్బులు. మధ్యాహ్న భోజనం కూడా చాలామంది హైవే మీదే కానిస్తారు. అదే దగ్గరతనం ఊరి పిల్లలను రోజూ నగరంలో ఉద్యోగాలకు తీసుకుపోతుంది. మగ్గం చూడటానికి వచ్చే కార్లు, మగ్గం వదిలి వెళ్లే బస్సులు ఒకే రోడ్డు మీద ఎదురుపడతాయి. మీ పిల్లలు ఈ పని చేస్తారా అని ప్రతి అతిథీ అడిగే ప్రశ్నకు ఏ తల్లిదండ్రులైనా జవాబు చెప్పకుండా నవ్వడంలో అర్థం ఉంది. నగరంలో నెల జీతమూ ఇక్కడి మజూరీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక ఆ ప్రశ్నకు మర్యాదైన జవాబు లేదు.

అయితే చేయదగిన ఏర్పాట్లు లేవని కాదు, వాటిలో చాలావరకు పెద్ద ఖర్చుతో కూడినవీ కావు. మగ్గం చూపించడాన్ని పనిగా గుర్తించి దానికి వెల కట్టడం మొదటిది. మ్యూజియం టికెట్టుకు డబ్బు ఇచ్చే మనిషి, ఒక ఇంటి ముందరి గదిలో అరగంట పాఠం విన్నందుకు ఇవ్వడానికి మొహమాటపడేది అడిగేవారు లేకపోవడం వల్లే. ఎవరికి వారు చేయి చాపితే అది అడుక్కోవడంలా అనిపిస్తుందన్న సంకోచం నేత ఇళ్లలో బలంగా ఉంటుంది, అందులో న్యాయం ఉంది. ఆ రుసుమును సహకార సంఘం లేదా మునిసిపాలిటీ ఒక చోట వసూలు చేసి, వంతుల ప్రకారం ఇళ్లకు పంచితే సంకోచమూ తీరుతుంది, ఏ ఇంటికి ఎప్పుడు జనం వస్తారో కూడా ముందే తెలుస్తుంది. అతిథులతోనే చిటికి కట్టించడం ఇంకా మెరుగు. చేతిరుమాలంత పేకకు నాలుగు గళ్లు రబ్బరుతో బిగించి కట్టడానికి గంట పట్టిందని స్వయంగా తెలుసుకున్నవారికి చీర ధర గురించి వేరే వివరణ అక్కర్లేదు. ఈ పాఠం చెప్పే పని ఇంటి ఆడవారికి విడిగా దక్కే ఆదాయం కూడా కావచ్చు, ఎందుకంటే చిటికి, ఆసు చేతి నేర్పు వారిదే.

ధర చీటీ మీద మజూరీ ఎంతో విడిగా అచ్చు వేయాలన్న ఆలోచన వినడానికి బాగానే ఉంటుంది, అమలు మాత్రం కష్టం. డిజైనును బట్టి, పడుగును బట్టి, ఆ నెల గిరాకీని బట్టి మజూరీ మారుతుంది. చీటీ మీది అంకెను సరిచూసే యంత్రాంగం ఎవరి దగ్గరా లేదు. దుకాణాలు ఒప్పుకుంటాయన్న ఆశ నాకు లేదు.

వీటన్నింటికంటే అసలు ముడిని తాకేది ఇంకొకటి ఉంది: నేతకారు దగ్గర సొంత సరుకు ఉండటం. పట్టుచీర పడుగుకు పెట్టుబడి పెట్టడం మజూరీ కుటుంబానికి తలకు మించిన పని. కానీ నూలు దుపట్టాలు, మెడకండువాలు, రుమాళ్లు నేయడానికి చాలా తక్కువ సరిపోతుంది, పర్యాటకులు ఎక్కువగా కొనేది కూడా అంతటి వస్తువులే. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసేవారికి ఉన్న వీలు ఇదే. సందర్శకుడి చేతిలో పట్టే వస్తువు, అతని జేబుకు తగ్గ ధర, చేసినవారే చెప్పగలిగే వెల. మాస్టర్ వీవర్ పడుగు ఎక్కిన మగ్గం పక్కనే ఇంట్లో ఖాళీగా ఉన్న రెండో మగ్గం మీద ఇలాంటి సొంత పడుగు ఒకటి ఉంటే, ఇది ఎంతకిస్తారు అన్న ప్రశ్నకు దుకాణం వైపు చూపించాల్సిన పని ఉండదు. ఇందులోనూ తకరారు లేకపోలేదు. చిన్న వస్తువులకు అలవాటుపడిన చేయి పడుగూ పేకా కలిపి కట్టే పెద్ద పనికి తిరిగి వెళ్లడానికి మొండికేస్తుందన్న భయం పెద్దవారికి ఉంటుంది, చేర్యాల పటం తాళంచెవి గుత్తిగా మారిన తీరు చూస్తే ఆ భయాన్ని కొట్టిపారేయలేం. సొంత పడుగు వేసుకున్న ఇంటికి మాస్టర్ వీవర్ తర్వాతి పట్టు పడుగు ఇవ్వడానికి వెనకాడితే ఏం చేయాలన్నది ఇంకో భయం. సహకార సంఘం బలంగా ఉన్నచోట ఆ నూలు అప్పుగా సంఘమే ఇచ్చి, రుమాళ్లు అమ్ముడయ్యాక జమ చేసుకోవచ్చు. సంఘం నీరసించినచోట మాత్రం ఆ మొదటి పడుగుకు నూలు ఎవరు తెస్తారన్న దగ్గర మాట ఆగి, తిరిగి మాస్టర్ వీవర్ గుమ్మం ముందుకే వస్తుంది.